లండన్ వరసిళ్లపై మాన్సార్డ్ కప్పు: అంతస్తు కలిసొస్తుంది, అతుకులే ఏడిపిస్తాయి

మాన్సార్డ్ అంటే ఒకే కప్పులో రెండు వాలులు. కింది వాలు గోడలా నిటారుగా 70 డిగ్రీల దాకా లేస్తుంది, పై వాలు దాదాపు చదునుగా ఉంటుంది. కింది వాలులో కిటికీలు పెడితే లోపల పూర్తి గది తయారవుతుంది. వీధిలోంచి చూసేవాళ్లకు అది కప్పు, లోపల ఉండేవాళ్లకు అంతస్తు. దాని లాభాలూ నష్టాలూ అన్నీ ఈ వేషంలోంచే పుడతాయి.

ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నది లండన్‌లోని విక్టోరియా కాలపు వరసిల్లు: కింద ఒక అంతస్తు, పైన ఒక అంతస్తు. రెండు పక్కలా ఉమ్మడి గోడలు, వాటి మధ్య 4.8 మీటర్ల వెడల్పు. ముందు తిన్నటి పిట్టగోడ, దాని వెనక సీతాకోకచిలుక కప్పు. రెండు రెక్కలూ ఉమ్మడి గోడల దగ్గర ఎత్తుగా మొదలై మధ్యలోకి దిగుతాయి. మధ్యలో ముందు నుంచి వెనక్కి పోయే కాలువ ఉంటుంది, వాన నీరంతా దాని గుండా ఇంటి వెనక్కి దిగుతుంది. ఇలాంటి కప్పు కింద అటకే ఉండదు, అంచేత మామూలు అటక గది కట్టుకునే దారి మూసుకుపోయినట్టే. పైకి పోవాలంటే ఉన్న కప్పు విప్పి మాన్సార్డ్ ఎక్కించాలి. కింద వేసిన లెక్కలకు వాడిన కొలతలు ఈ తరహా ఇళ్లలో మామూలుగా కనిపించేవే. మీ ఇంటికి మీ టేపు పట్టి చూసుకోండి.

70 డిగ్రీలు ఎందుకు

పేరు 17వ శతాబ్దపు ఫ్రెంచి వాస్తుశిల్పి ఫ్రాంస్వా మాన్సార్ (1598–1666) మీదుగా వచ్చింది కానీ, ఈ తరహా కప్పు అంతకు ముందే పారిస్‌లోని లూవ్ర్ భవనంలో ఉంది. అది ఊరంతా పాకడానికి కారణం మాత్రం అందం ఒక్కటే కాదు. పారిస్ నిబంధనలు వీధి వెడల్పును బట్టి గోడ ఎత్తుకు హద్దు పెట్టాయి. ఆ ఎత్తును కప్పు కొన దాకా కాకుండా గోడ పైఅంచు వరకే కొలిచేవారు. అంచుకు పైన, నిర్ణీత గీత లోపల, కప్పు పేరుతో ఎంత కడితే అంత లాభం. మాన్సార్డ్ ఆ సందును పూర్తిగా వాడుకున్న ఆకారం.

ఇంగ్లండులో ఈనాటికీ 70 అంకెకు బలం ఉంది. అక్కడి అగ్ని భద్రతా మార్గదర్శకం ప్రకారం, మనుషులు వాడే గదిని ఆనుకున్న వాలు 70 డిగ్రీలు దాటితే దాన్ని బయటి గోడగా లెక్కిస్తారు. గోడకు వర్తించే కట్టుబాట్లన్నీ దానికీ వర్తిస్తాయి. లండన్ కౌన్సిళ్ల డిజైన్ సూచనల్లో కింది వాలు 60–70 డిగ్రీల మధ్య, పిట్టగోడ మీద కాకుండా దాని వెనక నుంచి లేవాలని కనిపిస్తుంది. అందుకే డ్రాయింగుల్లో ఎక్కువగా 70 దగ్గరే ఆగుతారు.

ఇక చోటు లెక్క. ముందు వాలు అడుగు నుంచి వెనక వాలు అడుగు వరకు లోపలి కొలత 7.2 మీటర్లు, గది ఎత్తు 2.3 మీటర్లు అనుకుందాం. నేల మట్టంలో వైశాల్యం 34.6 చదరపు మీటర్లు. 70 డిగ్రీల వాలు 2.3 మీటర్ల ఎత్తుకు చేరేసరికి లోపలికి 84 సెంటీమీటర్లే వస్తుంది. తల తగలకుండా నిలబడగలిగే, అంటే పూర్తి 2.3 మీటర్ల ఎత్తున్న నేల 26.5 చదరపు మీటర్లు మిగులుతుంది. అదే చోట 45 డిగ్రీల మామూలు రెండు వాలుల కప్పు వేస్తే ఆ ఎత్తున్న నేల 12.5. 35 డిగ్రీలైతే 3 మాత్రమే, అంటే గది మధ్యలో ఒక పట్టీ. మాన్సార్డ్‌కు ఉన్న అసలు లాభం ఈ 26.5కీ 12.5కీ మధ్య తేడాయే. ఒక పెద్ద పడకగది, స్నానాల గది, మెట్ల చోటు అందులో ఇముడుతాయి.

ముందు కాగితాలు

ఇంగ్లండులో అనుమతి అడగకుండా కట్టుకోదగిన అటక పనుల జాబితా ఒకటుంది. వరసింటికి 40 ఘనపు మీటర్ల వరకు అందులో వెసులుబాటు ఉన్నా, వీధివైపు వాలు దాటి ముందుకు వస్తే అది చెల్లదు. సంరక్షణ ప్రాంతాల్లో, అంటే పాత రూపం కాపాడాలని కౌన్సిల్ గుర్తించిన వీధుల్లో, ఆ వెసులుబాటే లేదు. 2020లో వచ్చిన, పైన అంతస్తులు వేసుకునే హక్కు 1948 జులై 1 తర్వాత కట్టిన ఇళ్లకే. విక్టోరియా కాలపు ఇల్లు ఎటు తిప్పినా పూర్తి ప్లానింగ్ దరఖాస్తుకే వస్తుంది. దానికి చట్టం పెట్టిన గడువు 8 వారాలు.

వరసలో ఎవరూ పైకి కట్టకపోతే, 'చెక్కుచెదరని కప్పుల వరస పాడవుతుంది' అన్న ఒక్క కారణంతో తిరస్కరణ రావడం మామూలే. 2023 డిసెంబరులో జాతీయ ప్లానింగ్ విధానంలో మాన్సార్డ్‌ల గురించి ప్రత్యేకంగా ఒక మాట చేర్చారు: అసలు భవనంతో పొసిగే రూపంలో ఉంటే, ముఖ్యంగా ఆ వరసలో ఇప్పటికే ఒకటో రెండో మాన్సార్డ్‌లు ఉంటే, ఒప్పుకోవాలని. 2024 డిసెంబరులో ఆ మాటను కుదించి, పక్కిళ్ల తీరుకూ వీధి రూపానికీ పొసిగితే మాన్సార్డ్‌తో సహా పైకి పెంచడాన్ని ఒప్పుకోవాలని మార్చారు. కాబట్టి దరఖాస్తుకు ముందు చేయాల్సిన మొదటి పని వీధి చివరిదాకా నడిచి పక్కిళ్ల కప్పులు ఫొటోలు తీయడం.

రెండో కాగితం 1996 నాటి ఉమ్మడి గోడ చట్టం కింద ఇచ్చే నోటీసు. ఉమ్మడి గోడను ఎత్తు పెంచడానికి పని మొదలుపెట్టే రెండు నెలల ముందే రెండు పక్కలవాళ్లకూ ఇవ్వాలి. 14 రోజుల్లో వాళ్లు ఒప్పుకోకపోతే, జవాబే ఇవ్వకపోయినా సరే, వివాదం ఉన్నట్టే లెక్క. సర్వేయర్లు వచ్చి తీర్పు రాసేదాకా ఆగాలి, సాధారణంగా ఆ ఖర్చు కట్టేవాళ్ల మీదే పడుతుంది. పక్కింటి పొగగొట్టాలు ఉమ్మడి గోడలోనే ఉంటాయి కనుక, మీ కప్పు ఎత్తు పెరిగితే వాటినీ పెంచాలి. ఎస్టిమేట్లలో మామూలుగా మర్చిపోయేది ఇదే.

బరువు ఎక్కడికి పోతుంది

ఉమ్మడి గోడ ఒక ఇటుక మందం, అంటే 215 మి.మీ. అలాంటి గోడ చదరపు మీటరుకు 410 కిలోల దాకా తూగుతుంది. 7.5 మీటర్ల పొడవున సగటున 1.8 మీటర్లు పెంచితే ఒక్కో వైపు అయిదున్నర టన్నులు. మీటరు పొడవుకు ముప్పావు టన్నుకు కాస్త తక్కువ. విక్టోరియా పునాదులు చాలాచోట్ల మెట్లుమెట్లుగా పరిచిన ఇటుక వరసలే, కింద లండన్ బంకమన్ను. అందుకే ఒకటి రెండు చోట్ల గుంట తవ్వి పునాది చూడకుండా ఇంజినీరు సంతకం చేయకూడదు. పునాది బలహీనమైతే ఇటుకకు బదులు చెక్క చట్రంతో తేలికగా పైకి తీసుకెళ్లే మార్గం ఉంది, నిప్పుకూ శబ్దానికీ మాత్రం విడిగా జాగ్రత్త తీసుకోవాలి.

పాత సీలింగ్ వాసాలు సన్నవి. పలస్తరి మోయడానికే పనికొస్తాయి, నేలగా పనికిరావు. కొత్త నేలకు చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్ల వాడుక భారం తీసుకుని డిజైన్ చేస్తారు. ఉమ్మడి గోడ నుంచి ఉమ్మడి గోడకు ఉక్కు దూలాలు, వాటి చివర్ల కింద కాంక్రీటు దిమ్మెలు, దూలాల మధ్య చెక్క వాసాలు. కొత్త వాసాలు పాత సీలింగుకు కనీసం 25 మి.మీ. పైన ఉండేలా చూడాలి. లేకపోతే నడిచిన ప్రతిసారీ ఒత్తిడి కింద పలస్తరికి తగిలి పగుళ్లు వస్తాయి.

కప్పు విప్పే ముందు పైన తాత్కాలిక రేకుల కప్పుతో సహా పరంజా వేయాల్సిందే. ఇది ఖరీదైన పద్దు, తగ్గించమని అందరూ అడుగుతారు. తగ్గించకండి. లండన్ వాన వారం రోజుల ముందు చెప్పి రాదు, కింద కుటుంబం కాపురముంటుంది.

స్లేటు పలకలు

వాలు బయటి పొడవు 2.8 మీటర్లనుకుంటే ముందూ వెనకా కలిపి 26.9 చదరపు మీటర్లు. నాలుగు కిటికీలకు 6 తీసేస్తే 20.9. 500×250 మి.మీ. సహజ స్లేటును 100 మి.మీ. మీదపడేలా పరిస్తే పెండెబద్దల మధ్య దూరం 200 మి.మీ. వస్తుంది, చదరపు మీటరుకు 20 పలకలు. మొత్తం 418, విరిగేవీ కోతలూ కలిపి 460 తెప్పించాలి. బరువు చదరపు మీటరుకు 30 కిలోల చొప్పున 630 కిలోల దగ్గర.

తక్కువ వాలులో పలక తన బరువుతోనే కొంత కూర్చుంటుంది. 70 డిగ్రీల మీద మేకులే దాన్ని పట్టి వేలాడదీస్తాయి. కాబట్టి ప్రతి పలకకూ రెండు రాగి మేకులు. ఇనుప మేకుకు జింకు పూత ఉన్నా పలకకన్నా చాలా ముందే తుప్పు పట్టి తెగుతుంది, అప్పుడు ఏ తప్పూ లేని పలకలు వరసగా జారుతాయి.

పిట్టగోడ వెనక కాలువ: అసలు సంగతి ఇక్కడే

పాత కప్పులో నీళ్లన్నీ వెనక్కి పోయేవి. ముందు గోడకు వాన గొట్టం ఎప్పుడూ లేదు. మాన్సార్డ్ వేయగానే ముందు వాలు నీళ్లు పిట్టగోడ వెనక చేరతాయి. అక్కడి నుంచి అవి ఎటు పోవాలి? డిజైన్ మొదట్లోనే అడగాల్సిన ఈ ప్రశ్న తరచుగా పని సగంలో ఎదురవుతుంది.

మూడు దారులు. ముందు గోడకు కొత్త గొట్టం వేయడం ఇంటికి అన్నింటికన్నా క్షేమం, కానీ సంరక్షణ ప్రాంతంలో కౌన్సిల్ ఒప్పుకోకపోవచ్చు. ఉమ్మడి గోడ పక్కగా సన్నటి పెట్టె కాలువ తీసి వెనక్కి మళ్లించవచ్చు, కానీ గది వెడల్పు తగ్గుతుంది. కొత్త నేల కింద, వాసాల మధ్య గొట్టం పరిచి వెనక్కి తీసుకెళ్లడం మూడోది. చవక, ఎవరికీ కనబడదు. ఎంచుకోకూడనిది కూడా ఇదే: దానికి చాలినంత వాలు దొరకదు, ఒక అతుకు వదులైతే నీళ్లు పడేది కింది పడకగది సీలింగు మీద. కనబడని గొట్టం ఊడ్చేవాళ్లు ఉండరు.

కాలువ లోతు లెక్క చూడండి. సీసం రేకు పరిస్తే, కోడ్ 5 మందానికి ఒక్కో ముక్క 2 మీటర్లు దాటకూడదు. 4.8 మీటర్లకు మూడు ముక్కలు, మధ్యలో రెండు మెట్లు, ఒక్కో మెట్టు 50 మి.మీ. కాలువ వాలు 80కి 1 చొప్పున మరో 60 మి.మీ. మొత్తం దిగుడు 160. ఎత్తు కొస దగ్గర రేకు 150 మి.మీ. పైకి మడవాలంటే పల్లపు కొస దగ్గర పిట్టగోడ లోపలివైపు 310 మి.మీ. లోతు కావాలి. పాత పిట్టగోడలో అంత లోతు లేకపోతే మేస్త్రీ మెట్లు ఎగ్గొట్టి ఒకే పొడవు రేకు పరిచేస్తాడు. చూడ్డానికి నున్నగా, బాగానే ఉంటుంది. సీసం మీటరుకు ఒక్కో డిగ్రీకి 0.029 మి.మీ. సాగుతుంది. శీతాకాలపు రాత్రికీ వేసవి మధ్యాహ్నానికీ రేకు మీద 60 డిగ్రీల తేడా వస్తే 2 మీటర్ల ముక్క మూడున్నర మి.మీ. కదులుతుంది, 4.8 మీటర్ల ముక్క 8 మి.మీ. దాటుతుంది. సాగిన సీసం చక్కగా వెనక్కి రాదు. ముడత పడి, అదే ముడత దగ్గర కొన్నేళ్లకు చీలుతుంది. చీలిక వెంట్రుకలా ఉంటుంది, మోకాళ్ల మీద కూర్చుంటే తప్ప కనబడదు.

కాలువ వెడల్పు ఒక పాదం పట్టేంతైనా ఉండాలి, 250–300 మి.మీ. నీటి పరిమాణానికి అంత అక్కర్లేదు. గంటకు 75 మి.మీ. వాన చొప్పున, పై చదును సగం కూడా ఇటే వాలితే, సెకనుకు 0.4 లీటరే వస్తుంది. మనిషి దిగి ఆకులు, పావురాల గూళ్లు తీయడానికే ఆ వెడల్పు. పిట్టగోడకు పొంగు రంధ్రం ఒకటి తప్పనిసరి, కాలువ రేకు మడత కన్నా కిందికి. కాలువ పూడుకుపోయిన రోజు నీళ్లు వీధిలోకి చిమ్ముతాయి. చూసి ఎవరో ఒకరు తలుపు కొడతారు. రంధ్రం లేకపోతే అవే నీళ్లు గోడలోకి దిగుతాయి, ఎవరూ తలుపు కొట్టరు.

విరుపు

రెండు వాలులు కలిసే గీతను విరుపు అందాం. పై భాగం సాధారణంగా చదును కప్పు: కట్టాక 80కి 1 వాలు నిలవాలంటే డిజైన్ 40కి 1 పెట్టాలి, ఎందుకంటే చెక్క కాస్త కుంగుతుంది. చదును కప్పు మీది పొర అంచుకు వచ్చి, దాని కింద నుంచి సీసం రేకు పై వరస పలకల మీదికి కనీసం 150 మి.మీ. దిగాలి. కొత్త సీసానికి పూత నూనె రాయకపోతే మొదటి వానకే తెల్లటి చారలు నల్లటి స్లేటు మీద కారి వీధంతటికీ కనిపిస్తాయి.

వేడి నిలుపుదల దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి. కొత్త కప్పుకు కావాల్సిన యూ వాల్యూ (కప్పు గుండా ఎంత వేడి బయటికి పోతుందో చెప్పే అంకె, ఎంత తక్కువైతే అంత మంచిది) 0.15. పీఐఆర్ అనే గట్టి నురుగు బోర్డుతో మధ్యలో చెక్క లేకుండా అయితే 140 మి.మీ. పైచిలుకు సరిపోతుంది, వాసాల మధ్య వేస్తే చెక్క గుండా పోయే వేడి కలిపి మొత్తం 170–180 కావాలి. కొంత వాసాల మధ్య, కొంత వాటి కింద అడ్డంగా. పై చదునులో అదే బోర్డు చెక్క పలక పైన కూర్చుంటుంది. అంటే విరుపు దగ్గర ఒక పొర వాసాల కింది నుంచి వస్తోంది, ఇంకోటి పలక పైనుంచి వస్తోంది. రెండూ కలవాలని ఎవరూ ప్రత్యేకంగా చెప్పకపోతే కలవవు. అడ్డుకోత డ్రాయింగు తీసుకుని పెన్ను ఎత్తకుండా బోర్డు వెంట గీత గీసి చూడండి. పెన్ను ఎక్కడ ఎత్తాల్సి వస్తుందో అక్కడ జనవరిలో బూజు పడుతుంది.

గాలి దారిదీ అదే కథ. పలకల వెనక 50 మి.మీ. సందు కాలువ దగ్గర మొదలై విరుపు దగ్గర బయటికి రావాలి. చదును కప్పు అంచు చెక్కతో దాన్ని మూసేస్తే కింద రంధ్రం ఉన్నా గాలి కదలదు. తేమ చెక్కలో చేరుతుంది, పైన సీసం ఉంటే దాని అడుగున తెల్లటి పొడిగా తినేయడం మొదలవుతుంది. విరుపు సీసం కింద సన్నటి గాలి సందు వదలడం అరపూట పని.

సీలింగు, వాలు గోడ కలిసే మూలలో గోధుమరంగు గీత కనిపిస్తే అందరూ ముందు కప్పు కారుతోందనుకుని సీసం మార్పిస్తారు. మార్పించే ముందు తారీఖులు రాసుకోండి. పడమటి గాలివాన తర్వాత రోజు గీత పెరిగితే కారడం. వానే లేని, గడ్డకట్టే చలి వారంలో పెరిగితే అది గది లోపలి ఆవిరి. రెండోదానికి సీసం ఎన్నిసార్లు మార్చినా ప్రయోజనం లేదు. గది ఆవిరి కప్పులోకి పోకుండా ఆపే పొరలో సీలింగు దీపాలకు కోసిన గుండ్రటి రంధ్రాలు మూశారో లేదో చూడాలి.

కిటికీల దగ్గర చెప్పేది కొంచెమే. ప్రతి కిటికీకీ వాలులోంచి బయటికి పొడుచుకొచ్చే గూడు పక్కల సీసమో జింకో తొడగాలి, గడప కింద రేకు పలకల మీదికి 150 మి.మీ. దిగాలి, పక్క కలయికల్లో పలక పలకకూ చిన్న రేకు ముక్క చొప్పున దూర్చాలి. సిలికాన్ పూసి సరిపెట్టిన కలయికకు ఆయుష్షు తక్కువ.

మెట్లు, నిప్పు, ఎండ

కొత్త నేల భూమి నుంచి నాలుగున్నర మీటర్లు దాటుతుంది కనుక కిటికీలోంచి దూకి తప్పించుకోవడాన్ని లెక్కలోకి తీసుకోరు. పై గది నుంచి వీధి తలుపు దాకా మెట్ల దారి మొత్తం 30 నిమిషాలు నిప్పుకు తట్టుకోవాలి, దానిలోకి తెరుచుకునే గదుల తలుపులు కనీసం 20 నిమిషాలు ఆపాలి, పొగ గంటలు ఒకదానికొకటి కలిపి ఉండాలి. కింద వంటిల్లూ హాలూ కలిపేసి మెట్లు అందులోనే దిగే ఇళ్లలో పేచీ ఇక్కడే. ముచ్చటపడి తీసేసిన గోడ మళ్లీ కట్టాల్సి వస్తుంది. ఇల్లు ముందే మూడంతస్తులైతే కొత్త నేల ఏడున్నర మీటర్లు దాటుతుంది. అప్పుడు రెండో దారో, స్ప్రింక్లర్లో కావాలి. ఖర్చు అంచనా మారిపోతుంది.

మెట్టు ఎత్తు 220 మి.మీ. దాటకూడదు, పాదం పెట్టే వెడల్పు 220కి తగ్గకూడదు. రెండూ అంచుల్లో పెడదామంటే కుదరదు, వాలు 45 డిగ్రీలవుతుంది, అనుమతి 42 వరకే. 2.7 మీటర్ల ఎత్తుకు 13 మెట్లు వేస్తే ఒక్కోటి 208 మి.మీ., వెడల్పు 231 కావాలి, నేల మీద 2.8 మీటర్ల పొడవు తింటుంది. పాత మెట్ల మీదే కొత్తవి పేర్చితే కింది గది బతుకుతుంది.

2022 జులై 19న ఇంగ్లండులో 40.3 డిగ్రీలు నమోదయ్యాయి. తేలికపాటి బోర్డు, సన్నటి ప్లాస్టర్ షీటు ఉన్న మాన్సార్డ్ గదికి ఎండను దాచుకునే బరువు లేదు, సాయంత్రానికి కాగిపోతుంది. చెక్కనార బోర్డు ఎండను ఆలస్యం చేస్తుంది కానీ అదే యూ వాల్యూకు దాదాపు రెట్టింపు మందం కావాలి. ప్రతి అదనపు 100 మి.మీ. మందానికి రెండు వాలుల్లో కలిపి చదరపు మీటరు నేల పోతుంది. మాన్సార్డ్‌కు కలిసొచ్చేది ఒకటుంది: ముందూ వెనకా ఎదురెదురు కిటికీలు. రెండూ తెరుచుకునేవిగా పెడితే రాత్రి గాలి గదిని చల్లార్చుతుంది. ఖర్చు తగ్గించుకోవడానికి వెనక కిటికీని బిగింపు అద్దంగా మార్చడం తెలివితక్కువ పని.

హైదరాబాద్ విల్లాల్లో ఇదే ఆకారాన్ని కాంక్రీటులో పోసి పైన షింగిల్స్ అంటించడం గురించి అడిగేవాళ్లున్నారు. లండన్‌లో మాన్సార్డ్ అంతస్తును తెచ్చిపెడుతుంది. మన దగ్గర అది ఉన్న డాబాను తీసేసుకుంటుంది: నీళ్ల ట్యాంకు, సోలార్ పలకలు, బట్టల తాడు, వడియాలు ఎండబెట్టే చోటు. పడమటి వైపు 70 డిగ్రీల వాలుకు, సూర్యుడు 20 డిగ్రీల ఎత్తుకు దిగినప్పుడు ఎండ దాదాపు సూటిగా, లంబంగా కొడుతుంది. మన వేసవిలో అది గది వాడుకునే వేళే.

లండన్‌లో మాన్సార్డ్ ఉన్న ఇల్లు కొనేవాళ్లు ముందుగా అడగాల్సినవి: ప్లానింగ్ అనుమతి, బిల్డింగ్ కంట్రోల్ (కట్టుబడి నిబంధనలు తనిఖీ చేసేవాళ్లు) ఇచ్చిన పూర్తి సర్టిఫికెట్, ఉమ్మడి గోడ తీర్పు. ఆ తర్వాత సర్వేయరును పిట్టగోడ వెనక కాలువలోకి దిగమనండి. నిచ్చెన అందకపోతే పైగది కిటికీలోంచి ఫోను చాపి ఫొటో తీస్తే సరిపోతుంది. చూడాల్సినవి: కాలువ రేకులో మెట్లు ఎన్ని ఉన్నాయి, పొంగు రంధ్రం ఉందా, గొట్టం ఎటు పోతోంది. కాలువ ఏడాదికి రెండుసార్లు, ఆకులు రాలాక నవంబరు చివర ఒకసారి, మే నెలలో ఒకసారి ఊడ్చాలి. ముందు కిటికీ మనిషి దూరేంత తెరుచుకోకపోతే ప్రతిసారీ పరంజా కావాలి.